మొండి నొప్పులకు ఫిజియోథెరపీలో మనసు మీద కూడా పని: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లు, వాళ్లను వెంటబెట్టుకొచ్చే ఇంటివాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న సందేహాలివి. మూడు నెలలు దాటినా తగ్గని నడుము, మెడ, భుజం, మోకాలి నొప్పులకు వ్యాయామంతో పాటు భయం, ఆలోచన, నిద్ర, అలవాట్ల మీద కూడా ఫిజియో పనిచేసే పద్ధతి గురించి ఇక్కడ జవాబులున్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నొప్పి నడుములో ఉంటే మనసు గురించి అడుగుతారేంది? నేను నటిస్తున్నానని అనుకుంటున్నారా?

లేదు. మీ నొప్పి నిజం. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనం నొప్పిని శరీరానికీ భావోద్వేగానికీ కలిపి చెందిన అనుభవంగానే చెబుతుంది. కండరానికో, కీలు చుట్టూ ఉన్న కట్టుకో (లిగమెంట్) తగిలిన దెబ్బ చాలావరకు మూడు నెలల్లోపు మానుతుంది. వేరే జబ్బేమీ లేకుండా ఆ తర్వాత కూడా నొప్పి నిలిచిందంటే, నరాల వ్యవస్థ తన కాపలా ఇంకా తగ్గించలేదన్నమాట. ఒకసారి దొంగలు పడిన ఇంట్లో కుక్క ఆ తర్వాత చుట్టాలొచ్చినా అరుస్తుంది. అరుపు నిజమే, కానీ అరిచిన ప్రతిసారీ దొంగ ఉండడు. భయం, నిద్రలేమి, అప్పుల దిగులు ఆ కాపలాను మరింత బిగిస్తాయి. మనసు గురించి అడిగేది ఆ బిగువు ఎక్కడుందో తెలుసుకోవడానికే.

ఎంఆర్ఐలో డిస్క్ ఉబ్బింది, అరిగింది అని రాశారు. అరిగిన ఎముకకి మాటలు ఏం చేస్తాయి?

నొప్పే లేని మూడు వేల మందికి పైగా వెన్ను స్కాన్లను పరిశీలించిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. 30 ఏళ్ల వయసులో సుమారు 52 శాతం మందిలో, 50 ఏళ్ల వయసులో 80 శాతం మందిలో డిస్క్ అరుగుదల కనిపించింది. 50 ఏళ్ల వాళ్లలో 60 శాతం మందికి డిస్క్ ఉబ్బు కూడా ఉంది. వీళ్లెవరికీ నడుము నొప్పి లేదు. అంటే రిపోర్టులో రాసిన ప్రతి మాటా మీ నొప్పికి కారణం కానక్కర్లేదు. తల నెరవడం లాంటి వయసు గుర్తులు చాలా ఉంటాయి అందులో. రిపోర్టును మీ కాలి బలం, స్పర్శ, ప్రతిచర్యలతో (రిఫ్లెక్సులు) పోల్చి చూసినప్పుడే దానికి అర్థం. రెండూ ఒకే నరం వైపు చూపిస్తే ఆ సంగతి వేరు, అప్పుడు డాక్టరు సలహా ముందు.

ఏ లక్షణాలుంటే ఫిజియో దగ్గరికి కాకుండా ముందు డాక్టరు దగ్గరికి పోవాల?

మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరెక్కడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్లూ బలం తప్పడం: ఇవి కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. రేపు చూద్దాం అనుకుంటే నరాలు కోలుకోకపోవచ్చు. సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి చెమటలతో వెన్ను నొప్పి ఉంటే వెన్నెముక క్షయను తోసిపుచ్చాలి. మన ప్రాంతంలో దీన్ని మరవకూడదు. గతంలో క్యాన్సర్ ఉన్నవాళ్లు, పడిపోయినవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడినవాళ్లు కూడా ముందు డాక్టరుకే చూపించుకోవాలి.

మాది కనిగిరి వైపు. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చిన నొప్పులకు ఈ పద్ధతి పనికొస్తుందా?

ఈ ప్రశ్నకు కాస్త వివరంగా చెప్పాలి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఈ జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఫ్లోరైడ్ ఎముకల్లో, కీళ్ల చుట్టూ కట్టుల్లో చేరితే వెన్ను నిజంగానే బిగుసుకుపోతుంది. అక్కడ ఎముక మారింది, దాన్ని మాటలు వెనక్కి తీసుకురావు.

పళ్ల మీద గోధుమరంగు చారలు, గడ్డం ఛాతీకి ఆనకపోవడం, చేతులు తల వెనక్కి పెట్టలేకపోవడం, మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందకపోవడం ఉంటే ఫిజియోకు తప్పక చెప్పండి. మొదట చేయాల్సింది నీళ్ల మార్పు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అని భారత ప్రమాణం. వంటకు కూడా ఆ మంచి నీళ్లే వాడాలి, తాగడానికి ఒక్కదానికే మారిస్తే సగం పనే అయినట్టు. కాళ్లు బిగుసుకుపోయి నడక తూలుతుంటే వెన్నుపాము నొక్కుకుపోతోందేమో న్యూరో డాక్టరు చూడాలి.

ఇవన్నీ చూశాక మిగిలిన కదలికను కాపాడుకోవడం, భయంతో ఉన్న కదలికను కూడా మానేయకుండా ఉండడం, నిద్ర: వీటి దగ్గర ఈ పద్ధతి చాలా సాయపడుతుంది. బిగుసుకున్న వెన్నును బలవంతంగా సాగదీయడం మాత్రం ఎవరు చేసినా ఒప్పుకోవద్దు.

కరెంటు పెడితే హాయిగా ఉంటుంది. అదే పెట్టించుకుంటే సరిపోదా?

ఆ హాయి గంటల్లో పోతుంది. స్పష్టమైన కారణం దొరకని దీర్ఘకాల నొప్పికి కరెంటుతో, ధ్వని తరంగాలతో చేసే టెన్స్, అల్ట్రాసౌండ్, ఐఎఫ్‌టీ చికిత్సలు ఇవ్వొద్దని బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ 2021 మార్గదర్శకాల్లో చెప్పింది, వ్యాయామాన్ని, మానసిక పద్ధతులను సూచించింది. మంచం మీద పడుకుని మిషన్ పెట్టించుకుంటే ‘నన్ను వేరేవాళ్లు బాగుచేయాలి’ అనే నమ్మకం కూడా పెరుగుతుంది. నెలల తరబడి అలా సాగినవాళ్లకు సొంతంగా పది నిమిషాలు నడవడం కూడా ధైర్యం చాలని పని అవుతుంది.

ఫిజియో ఇదంతా చెయ్యొచ్చా? అది సైకాలజిస్టు పని కదా?

కదలికకు అడ్డం పడే భయాన్ని, తప్పుడు నమ్మకాన్ని, పని అలవాట్లను సరిచేయడం శిక్షణ తీసుకున్న ఫిజియో పరిధిలోనే ఉంది. కుంగుబాటు, పాత హింస తాలూకు గాయం, మద్యం వ్యసనం లాంటివి ఫిజియో నయం చేయదగ్గవి కావు. గుర్తించి సైకియాట్రిస్టుకో, సైకాలజిస్టుకో పంపాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

## మొదటి సిట్టింగుల్లో

మొదటి రోజు ఏం చేస్తారు?

45 నిమిషాల నుంచి గంట పడుతుంది. నొప్పి ఎలా మొదలైంది, అది ఎందువల్ల అని మీరనుకుంటున్నారు, ఏ డాక్టరు ఏమన్నాడు, ఏ పని మానేశారు, దేనికి భయపడుతున్నారు అని అడుగుతారు. తర్వాత శరీర పరీక్ష. దాన్ని దాటవేసి నేరుగా మనసు గురించి మాట్లాడే ఫిజియోను నమ్మకండి. పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల చీటీ తీసుకెళ్లండి. వంగి చూపించమన్నప్పుడు మీరు ఊపిరి బిగబడుతున్నారా, నడుము పట్టుకుంటున్నారా అన్నది కూడా గమనిస్తారు.

కాగితం మీద ప్రశ్నలకు మార్కులు వేయమంటారు. ఎందుకు?

ఎవరికి ఏ స్థాయి సాయం కావాలో తేల్చడానికి. నడుము నొప్పికి వాడే స్టార్ట్ బ్యాక్ ప్రశ్నావళిలో 9 ప్రశ్నలే ఉంటాయి, వాటిలో ఐదు భయం, దిగులు, చిరాకు లాంటి వాటి మీద. ఆ ఐదింటిలో 4 లేదా 5 వస్తే మందులు, వ్యాయామాలు రాసిచ్చి పంపితే చాలదని అర్థం. కదిలితే దెబ్బ తగులుతుందన్న భయాన్ని కొలిచే టాంపా ప్రశ్నావళిలో 17 వాక్యాలు, ఘోరంగా ఊహించుకోవడాన్ని కొలిచేదానిలో 13 ఉంటాయి. చదవడం రాకపోతే చదివి వినిపించమని అడగండి. వెంట వచ్చినవాళ్లు మీ తరఫున జవాబులు చెప్పకూడదు.

మీ లక్ష్యం ఏందని అడుగుతారు. నొప్పి పోవడమే కదా?

నొప్పి ఎప్పుడు, ఎంత తగ్గుతుందో ఎవరి చేతుల్లోనూ పూర్తిగా లేదు. పని పెంచుకోవడం మాత్రం మీ చేతుల్లో ఉంది. అందుకే లక్ష్యాన్ని పనిగా చెప్పమంటారు: రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దాకా నడిచి వెళ్లడం, ఒక శనివారం మాలకొండ దర్శనం చేసుకోవడం, రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తా మోయడం, మనవరాలిని ఎత్తుకోవడం. మీకు నిజంగా ఇష్టమైనదే చెప్పండి. ఫిజియోకు నచ్చుతుందని చెప్పిన లక్ష్యం రెండో వారానికే చల్లబడుతుంది.

మొత్తం ఎన్నిసార్లు రావాల?

ఆరు నుంచి ఎనిమిది సార్లు, సుమారు 12 వారాల్లో. ఆస్ట్రేలియాలో నడుము నొప్పి ఉన్న 492 మందితో చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో, శిక్షణ పొందిన ఫిజియోలు 12 వారాల్లో ఏడు సిట్టింగుల వరకు, 26వ వారంలో ఇంకొకటి ఇచ్చారు. పనులు చేసుకోగలిగే సామర్థ్యంలో వచ్చిన మెరుగు ఏడాది తర్వాత కూడా నిలిచింది. రోజూ రమ్మంటున్నారంటే ఎందుకో అడగండి. ఈ పద్ధతిలో అసలు పని జరిగేది మీ ఇంట్లో, మీ పొలంలో.

## పని పెంచుకునే వారాల్లో

నొప్పి వచ్చినప్పుడు ఆపేయాలా, ఓర్చుకుని చేయాలా? ఎంత చేయాలో ఎట్టా తెలుస్తుంది?

రెండూ కాదు. నొప్పిని బట్టి కాకుండా గడియారాన్ని బట్టి చేయాలి. చాలామంది బాగున్న రోజు మూడు రోజుల పని చేసి, తర్వాత మూడు రోజులు మంచం పడతారు. శరీరం దీన్నుంచి నేర్చుకునే పాఠం ఒక్కటే: పని చేస్తే దెబ్బ.

నాట్లకో, కలుపుకో వెళ్లే ఆమెను తీసుకుందాం. మూడు రోజులు, మంచి రోజూ చెడ్డ రోజూ కలిపి, నొప్పి ఎక్కువై లేచేదాకా ఎంతసేపు వంగగలిగిందో రాసుకోవాలి. 25, 10, 16 నిమిషాలు అనుకోండి. సగటు 17. అందులో అయిదో వంతు తీసేస్తే 13.6, కిందికి సర్దితే 13. అదే ఆరంభం. 13 నిమిషాలకు ఫోన్‌లో అలారం పెట్టుకుని, మోగగానే నొప్పి లేకపోయినా లేచి, గట్టు మీద మూడు నిమిషాలు నడిచి, మళ్లీ వంగాలి. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచాలి. నొప్పి ఎక్కువగా ఉన్న రోజు తగ్గించొద్దు, హాయిగా ఉన్న రోజు పెంచొద్దు. రెండోది పాటించడమే కష్టం.

జట్టు కూలిలో ఒకరే లేచి నిలబడితే మాట పడాల్సి వస్తుంది, నిజమే. ఆ మూడు నిమిషాలు నారు కట్టలు అందించే పని అడిగి తీసుకుంటే వరుస ఆగదు, నడుము నిటారవుతుంది. ఇలాంటి సర్దుబాటు ఏదీ ఆలోచించకుండా ‘విశ్రాంతి తీసుకోండి’ అని చెప్పే సలహా కూలి చేసుకునేవాళ్లకు పనికిరాదు.

వంగి బిందె ఎత్తాలంటేనే భయం. ఆ భయం ఎట్టా పోగొడతారు?

బుజ్జగింపుతో పోదు, చేసి చూసుకుంటేనే పోతుంది. మానేసిన పనులన్నీ రాసి, ఒక్కోదానికి భయం ఎంతో 0 నుంచి 10 వరకు మార్కు వేస్తారు. అది మెట్ల వరస. ఉదాహరణకు:

- వంగి చెప్పులు తీయడం: 3
- స్టూలు మీది ఖాళీ బిందె ఎత్తడం: 4
- నేల మీది ఖాళీ బిందె ఎత్తడం: 5
- నేల మీంచి 5 లీటర్ల నీళ్లతో: 7
- 10 లీటర్లతో: 8
- నిండు బిందె నడుమున పెట్టుకుని వాకిలి దాకా నడవడం: 10

ప్రతి మెట్టు ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో మీ మాటల్లోనే రాయిస్తారు. ‘డిస్క్ జారి కాళ్లు పడిపోతాయి, నూటికి ఎనభై పాళ్లు నమ్మకం’ అన్నట్టు. చేశాక ఏం జరిగిందో పక్కనే రాస్తారు. కొంచెం నొప్పి వచ్చి ఉండొచ్చు. కాళ్లు పడిపోయాయా? అదే పనిని భయం సగానికి తగ్గేదాకా తిరిగి చేయించి, ఇంట్లోనూ చేయించి, తర్వాతి మెట్టుకు వెళతారు.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నడుముకు బెల్టు కట్టుకుని చేస్తే ‘బెల్టు వల్ల బతికాను’ అనే మనసు చెప్పుకుంటుంది. ఊపిరి బిగబట్టి, నడుము కర్రలా పెట్టి ఎత్తినా అంతే. ఫిజియో పక్కన నిలబడి ‘ఏం కాదు, ఏం కాదు’ అంటూ ఉంటే ధైర్యం ఆయనదవుతుంది, మీది కాదు. క్లినిక్‌లో చేసి ఇంటి బావి దగ్గర చేయకపోతే భయం బావి దగ్గరే ఉండిపోతుంది. కొత్తగా విరిగిన ఎముక, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, పెరుగుతున్న కాలి బలహీనత ఉన్నప్పుడు ఈ పద్ధతి మొదలుపెట్టకూడదు.

శ్వాస, రిలాక్సేషన్ నేర్పిస్తారు. వాటితో నొప్పి పోతుందా?

పోదు, కండరాల బిగువు, గుండెదడ తగ్గుతాయి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. తల తిరిగితే లోతు తగ్గించండి, వేగం పెంచొద్దు. నొప్పి భరించలేనప్పుడే మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు, నిమ్మళంగా ఉన్నప్పుడు సాధన చేయాలి.

రాత్రంతా నిద్ర పట్టదు. నిద్ర లేకే నొప్పా, నొప్పికే నిద్ర లేదా?

రెండు వైపులా ఉంటుంది, నిద్ర వైపు నుంచి పట్టుకోవడం తేలిక. ఎప్పుడు పడుకున్నా పొద్దున లేచే వేళ ఒకటే ఉంచండి. మధ్యాహ్నం కునుకు అర్ధగంట దాటొద్దు, మూడు తర్వాత టీ, కాఫీ వద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వసారాలో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే పడుకోండి. నేల మీదే పడుకోవాలన్న నియమం లేదు. స్పెయిన్‌లో జరిగి 2003లో ప్రచురితమైన పరీక్షలో గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్న పరుపే నడుము నొప్పికి మెరుగని తేలింది. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే డాక్టరుకు చెప్పాలి.

డాక్టరు డిప్రెషన్ మాత్ర రాశాడని మెడికల్ షాపులో చెప్పారు. ఆపేయనా?

ఆపొద్దు. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ నొప్పి సంకేతాలను తగ్గించడానికి కూడా వాడతారు. అమిట్రిప్టిలిన్ నొప్పికైతే చాలాసార్లు 10 మిల్లీగ్రాముల చిన్న మోతాదుతోనే మొదలవుతుంది. మత్తు, నోరు ఎండడం ఉంటాయి. ఇబ్బందైతే రాసిన డాక్టరునే అడగాలి, హఠాత్తుగా మానేస్తే వేరే తిప్పలు వస్తాయి.

ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు రోజులు పని చేసుకోగలుగుతున్నా. తప్పేంది?

ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే, పదే పదే వేయించుకుంటే ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది. డైక్లోఫెనాక్ అయితే కడుపుకు, కిడ్నీలకు చేటు. సూది మీద మూడు రోజుల పని రెండు రోజుల్లో చేసి, మత్తు దిగాక పడిపోవడం వల్ల శరీరానికి పని మీద భయం ఇంకా పెరుగుతుంది. ఏం వేశారో పేరు రాయించుకుని మీ డాక్టరుకు చూపించండి.

## ఇంట్లోవాళ్లు అడిగేవి

అమ్మకు నొప్పి అని ఏ పనీ చేయనివ్వడం లేదు. మంచిదే కదా?

ప్రేమతో చేసేదే, కానీ చేటు చేస్తుంది. మూలిగినప్పుడు అందరూ చుట్టూ చేరి, లేచి తిరిగినప్పుడు ఎవరూ పట్టించుకోకపోతే ఆమె ప్రపంచం మంచం చుట్టూ కుంచించుకుపోతుంది. రోజుకు పదిసార్లు ‘నొప్పి ఎట్టా ఉంది’ అని అడగడం మానండి. ‘ఇయ్యాల ఎంత దూరం నడిచావమ్మా’ అని అడగండి. ఆమె వంతు పనులు రెండు ఆమెకే వదలండి: పూలు కట్టడం, అన్నం వండడం. నెమ్మదిగా చేస్తుంటే చేతిలోంచి లాక్కోవద్దు. ‘అంతా నీ భ్రమ’ అనడం మాత్రం దీనికంటే పెద్ద తప్పు, ఆ మాట అన్న ఇంట్లో ఆమె నొప్పిని నిరూపించుకోవడానికే బలమంతా ఖర్చు పెడుతుంది.

## మళ్లీ తిరగబెట్టినప్పుడు

నెల రోజులు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో ఎంఆర్ఐ తీయించాలా?

తిరగబెట్టడం ఈ దారిలో మామూలే. మూత్రం, బలం, జ్వరం, బరువుకు సంబంధించిన కొత్త లక్షణాలేవీ లేకపోతే కొత్త స్కాన్ అక్కర్లేదు. ఒక్కరోజు నొప్పికి పని తగ్గించొద్దు, కానీ ఇలా తిరగబెట్టినప్పుడు పనిని సున్నా చేయకుండా సగానికి తగ్గించి రెండు మూడు రోజులుంచి, తర్వాత వారంలోపు పాత కొలతకు రండి. ముందు రోజుల్లో నిద్ర, గొడవ, పెళ్లి పనులు, ప్రయాణం ఏం మారాయో చూడండి. ఈ పథకాన్ని బాగున్నప్పుడే కాగితం మీద రాసి తలుపుకు అతికించుకోవాలి. నొప్పి పెరిగిన రాత్రి ఎవరికీ నిదానంగా ఆలోచించే ఓపిక ఉండదు.

## తోటి ఫిజియోలు అడిగేవి

ఓపీ నిండా జనం. ఇంతసేపు మాట్లాడడం ఎట్టా కుదురుతుంది?

అందరికీ అక్కర్లేదు. 9 ప్రశ్నల స్టార్ట్ బ్యాక్ వడపోతకు మూడు నిమిషాలు చాలు. నొప్పి నిలిచిపోయే ప్రమాదం ఎక్కువని తేలినవాళ్లకే పొడవైన సమయం, అదీ రద్దీ తగ్గే వేళ, తెర వేసిన చోట. పక్క బెడ్డు వాళ్లు వింటుంటే ఏ ఆడమనిషీ భర్త తాగుడు గురించి చెప్పదు. తక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకు ఒకసారి ధైర్యం చెప్పి, కదలమని చెప్పి పంపడమే సరైన వైద్యం.

నొప్పి గురించి శాస్త్రమంతా వివరించాను. రోగి మళ్లీ రాలేదు. ఎక్కడ తప్పింది?

చాలావరకు వివరణ ఎక్కువై, వినడం తక్కువైనప్పుడు ఇలా జరుగుతుంది. అతని కథ పూర్తికాకముందే నరాల వ్యవస్థ గురించి చెబితే ‘నా నొప్పి తలలో ఉందంటున్నాడు’ అనే వినిపిస్తుంది. ముందు అతను చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పి సరేనా అని అడగండి. ఒక సిట్టింగులో ఒక్క విషయమే, పది నిమిషాలు మించకుండా, అది కూడా ‘చెప్పమంటారా’ అని అడిగి. ‘అరిగిపోయింది’, ‘ఇక వంగొద్దు’, ‘నరం నలిగింది’ లాంటి మాటలు నోట రానీయకండి, అవి ఏళ్ల తరబడి మనిషి నడుములో ఉండిపోతాయి. చివర్లో అర్థమైందా అని అడిగితే అందరూ అయిందనే అంటారు. ‘ఇంటికెళ్లాక మీ ఆవిడ అడిగితే ఏం చెబుతారు?’ అని అడగండి. వచ్చే జవాబులో ‘డిస్క్ జారింది’ అని వస్తే తర్వాతి సిట్టింగు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.